ఎస్తేరు నేర్పిన మాట

దేవదానానికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన ఆ నాలుగు మాటల్లో ఒకదాన్ని మాత్రం వాళ్లమ్మ ఎస్తేరు పట్టుబట్టి నేర్పింది. దానికి రెండేళ్లు పట్టింది, రోజుకొక బొరుగుల ఉండ ఖర్చయింది. ఆ మాట "బాగుండా".

ఆళ్లగడ్డలో ఎదురుపడ్డ మనిషిని "ఎట్లుండావ్?" అని అడగకుండా ఎవరూ దాటిపోరు. అడిగినవాళ్లకు జవాబుతో పనేమీ ఉండదు. అవతలివాడు బాగుండా అంటాడు, వీళ్లు సరే అంటారు, ఎవరి దారి వాళ్లది. జవాబు రాలేదనుకోండి, అప్పుడు నిలబడతారు. నిలబడ్డవాళ్లు ఊరికే పోతారా?

"ఏమ్మే ఎస్తేరూ, నీ కొడుకు మూగోడా, చెవిటోడా?"

"గాలి సోకింటాది. తాయెత్తు కట్టిచ్చు."

"తాయెత్తు ఎందుకు? ఆదివారం నూనె రాసి ప్రార్థన చేపిచ్చు, సరిపోతాది."

వీధికొక వైద్యుడు, మందు మాత్రం ఎవరి దగ్గరా లేదు. పక్కింటి వెంకటలక్ష్మమ్మ అయితే పిల్లవాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, కళ్లలోకి చూసి, "వీనికి తలకాయలో గుజ్జు తక్కువే" అని తేల్చేసింది. ఆవిడ తలకాయలో ఎంత గుజ్జుందో ఎవరూ తూచి చూడలేదు.

అప్పటికి ఎస్తేరు హాస్టల్లో వంట చేసేది. మొగుడు ఆనందరావు లారీ డ్రైవరు, కడప దారిలో ప్రమాదమై లారీతోపాటే పోయాడు. దేవదానానికి అప్పుడు ఐదేళ్లు, కూతురు అనితకు రెండు. ఇద్దరు పిల్లలతో ఒంటిగా ఉన్న ఆడదాని దగ్గర జనం ఎక్కువసేపు నిలబడితే మంచిది కాదు. జాలి పేరుతో వచ్చి కూర్చున్నవాడు కుర్చీ అడుగుతాడు, కుర్చీ ఇస్తే మంచం అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది, ఎవరి ముందరా చించుకోకూడదు అని ఎస్తేరు గట్టిగా అనుకుంది. పిల్లవాడికీ అదే నేర్పాలనుకుంది.

రోజూ సాయంత్రం హాస్టల్ నుంచి వచ్చి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకునేది. కొంగులో బొరుగుల ఉండ ఉండేది.

"ఎట్లుండావ్?" అని తనే అడిగేది. "బాగుండా" అని తనే చెప్పేది. వాడి అరచెయ్యి చాపించి అందులో ఉండ పెట్టేది. వాడు ఉండ తినేవాడు, మాట మింగేవాడు. ఇలా రెండేళ్లు.

ఏడో ఏట ఒక ఆదివారం చర్చి బయట పాస్టరు గారు అలవాటుగా వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఎట్లున్నావు బాబూ?" అన్నారు. తల మీద చెయ్యి పెడితే వాడికి నచ్చదు, పక్కకు జరిగాడు. జరిగి, ఎటో చూస్తూ, బస్సు కండక్టరు ఊరి పేరు అరిచినట్టు "బాగుండా" అన్నాడు. అని అరచెయ్యి చాపాడు.

ఎస్తేరు ఆ రోజు ఏడ్చినంత, మొగుడు పోయినప్పుడు కూడా ఏడవలేదు. అంగడికి పరుగెత్తి డబ్బాలో ఉన్న ఉండలన్నీ కొనుక్కొచ్చింది.

ఆ తర్వాత ఆ మాట వాడి నోటికి అతుక్కుపోయింది. జ్వరం కాగిపోతున్నా బాగుండా, ఎనుము కాలు తొక్కినా బాగుండా. ఊళ్లోవాళ్లు మెచ్చుకున్నారు. "పర్వాలేదప్పా, మనిషయినాడు" అన్నారు. మనిషంటే వాళ్ల లెక్కలో అంతే మరి.

పదహారేళ్లకు వాడు తన పని తానే వెతుక్కున్నాడు. ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కే షెడ్లకు కొదవ లేదు. ఆదినారాయణ షెడ్డు ముందు వాడు రోజూ పోయి నిలబడేవాడు. చెక్కేవాళ్లను చూసేవాడు కాదు, చెక్కడం అయిపోయిన నల్లరాయినే చూసేవాడు. ఒకరోజు ఆదినారాయణ ఒక సానరాయి, చెంబుడు నీళ్లు చేతికిచ్చి ఒక మూలనున్న పీఠం చూపించాడు. వాడు కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దు గుంకేదాకా లేవలేదు. అయిపోయిందని వాడికి ఎట్లా తెలిసిందంటే, వంగి రాతి మీద చెంప పెట్టాడు. కాసేపు అలాగే ఉండి, ఒకచోట వేలు పెట్టి, మళ్లీ అక్కడ రుద్దాడు.

"ఎస్తేరక్కా, నీ కొడుకు చెంపతో చూస్తాండాడు!" అని ఆదినారాయణ ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చెప్పాడు. "మా నాయన వేలితో చూసేటోడు, ఊరంతా గొప్పగా చెప్పుకుండేరు. వీని చెంప ముందర ఆ వేలు యాడికి పోతాది?"

చర్చివాళ్లకు మాత్రం నచ్చలేదు. "మన పిల్లోడు బొమ్మలు రుద్దేదేందీ?" అన్నారు. "దండం పెట్టేటోళ్లకు అది దేవుడు. నా కొడుక్కి రాయి. మీకేం నొప్పి?" అంది ఎస్తేరు. మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇరవై ఆరేళ్లప్పుడు ఊరేగింపు డప్పులు ఇంటి ముందరికే వచ్చి మోగితే, దేవదానం రెండు చేతులతో తన చెవుల్ని తానే గుద్దుకుని నెత్తురు తెచ్చుకున్నాడు. అప్పుడు కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన దానికొక పేరు చెప్పాడు, ఆటిజం అని. జబ్బు కాదు, పుట్టుకే అట్లాంటిది, తాయెత్తుకూ నూనెకూ పోదు అన్నాడు. చివర్లో ఒక ప్రశ్న అడిగాడు.

"వీడు బాగున్నాడో లేడో మొహం చూసి మనం చెప్పలేం కదమ్మా. నీకెట్లా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది సార్."

"అదే, ఎట్లా?"

"అన్నం ఉడికిందో లేదో ఎట్లా తెలుస్తాదో అట్ల" అంది. డాక్టరు నవ్వి మందు చీటీ చించిచ్చాడు. ఆ జవాబు చాలదని ఆమెకు పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఆ పదేళ్లలో షెడ్లలోకి గ్రైండర్లు వచ్చాయి. వారం రోజులు చేతితో రుద్దే పని పూటలో అయిపోతుంది, ఆ చప్పుడు మాత్రం చెవిలో మేకు దించినట్టు ఉంటుంది. ఆదినారాయణ మంచివాడు. దేవదానాన్ని పొమ్మనలేదు, షెడ్డు వెనక గోడ పక్కన చోటిచ్చాడు. చిన్న చిన్న బొమ్మలు, గ్రైండరు దూరని ముక్కు సందులు, చెవి మడతలు వాడికే పెట్టాడు. కరెంటు పోతే షెడ్డులో అందరూ తిట్టుకుంటారు. ఒక్క దేవదానానికే పండగ. గ్రైండర్లు ఆగిన నిమిషానికి వెనక నుంచి సన్నగా రాగం వినిపిస్తుంది. చర్చి పాటలో మొదటి చరణం, అదీ ముక్కులోనే. రెండో చరణానికి ఎప్పుడూ పోడు. "కరెంటోళ్లు వీనికి మేనమామలప్పా" అని పనివాళ్లు నవ్వేవాళ్లు.

ఇలా నడుస్తుండగా ఎస్తేరు కడుపులో గడ్డ బయటపడింది. అరవై ఐదేళ్లు. నొప్పి వచ్చినప్పుడల్లా వాము నమిలి ఊరుకుంది కాబట్టి ఆలస్యమైపోయింది. ఆమెను ఎవరడిగినా బాగుండాననే చెప్పింది కదా. కర్నూలులో కోసి చూసి మళ్లీ కుట్టేశారు. ఏడాది అనుకోండి అన్నారు.

అనితను బనగానపల్లెలో ఇచ్చారు. తల్లి మంచం పక్కన కూర్చుని ఆమె నేల మీద గీతలు గీస్తూ మాట్లాడింది.

"మా అత్త సంగతి నీకు తెలుసు కదమ్మా. అన్నను రెండు దినాలైతే ఓర్చుకుంటాది. మూడో దినం గిన్నెలు ఇసిరి కొడ్తాది. ఆ శబ్దానికి వాడు ఉంటాడా? తల పగలగొట్టుకుంటాడు."

"నేనేమన్నా నిన్ను చూడమన్నెనా?"

"అట్ల గాదు. నంద్యాలలో ఒక ఆశ్రమం ఉందంట. ఇట్లాంటోళ్ల కోసరమే పెట్టినారంట, పెద్దోళ్లను కూడా చేర్చుకుంటారంట. మూడు నెలలు ఉంచుకొని చూస్తారు. వానికి ఆడ బాగుంటే ఎప్పటికీ పెట్టుకుంటారు. బాగలేకుంటే తీసుకపొమ్మంటారు."

"బాగుండేది లేనిది వాళ్లకెట్ల తెలుస్తాది?"

"ఏందో పరీక్ష పెడ్తారంట. మార్కులేస్తారంట."

ఎస్తేరు గోడ వైపు తిరిగి పడుకుంది. చావంటే ఆమెకు భయం లేదు. తాను పోయాక ఈ భూమ్మీద ఒక్కరైనా తన కొడుకు బాగున్నాడో లేడో కనిపెట్టేవాళ్లు ఉండాలి, అదొక్కటే ఆమెకున్న దిగులు. తిండి ఎవరైనా పెడతారు. కనిపెట్టడం ఎవరు చేస్తారు?

మార్చిలో చేర్చారు. మొదటి నెల ఎవరూ రాకూడదన్నారు. తర్వాత రెండు నెలలు ఎస్తేరుకు కర్నూలు మందుల వల్ల లేచి నిలబడే ఓపిక లేదు. అనిత ఫోను చేస్తే మేనేజరు ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు, అల్లరి లేదు, బాగా తింటాడు, చెప్పినట్టు వింటాడు అని. మూడు నెలలు నిండాక కబురొచ్చింది. తల్లీకూతుళ్లు బస్సెక్కారు. బస్సు శిరివెళ్ల దాటింది. ఎస్తేరు అనితతో, "మార్కులు మంచిగ వస్తే నాకు సంతోషమా, రాకుంటే సంతోషమా, నాకే తెలీదు పాపా" అంది.

మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. "మీవాడు మాకు పేరు తెచ్చాడమ్మా. నూటికి తొంభై ఎనిమిది! ఇంత మార్కు ఈ ఆశ్రమంలో ఎవరికీ రాలేదు. పొద్దున్నే లేచి చెప్పులతో సహా తయారుగా కూర్చుంటాడు. అంత క్రమశిక్షణ."

"చెప్పులేసుకొని?" అంది ఎస్తేరు.

"అవునమ్మా. పడుకునేటప్పుడు కూడా విప్పడు."

ఎస్తేరు లేచి లోపలికి నడిచింది. పొడుగాటి హాలు. గోడకు టీవీ మోగుతోంది, ఎవరూ చూడటం లేదు. పైన ట్యూబులైటు పట్టపగలే వెలుగుతూ టకటకా కొట్టుకుంటోంది. వరుసగా మంచాలు. మూడో మంచం అంచు మీద దేవదానం కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, కాళ్లకు చెప్పులు. చేతులు మోకాళ్ల మీద రాతి బొమ్మకు పెట్టినట్టున్నాయి. వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి. రుద్దడానికి రాయి లేక వాడు మంచం ఇనప పట్టీని రుద్దుతున్నాడని వాడి పక్కనే పెయింటు పోయిన చోటు చూస్తే తెలుస్తోంది. తల్లిని చూశాడు. లేవలేదు. ముక్కులో రాగం లేదు.

"ఎట్లుండావ్ నాయనా?" అంది. అలవాటు కదా, నోరు జారింది.

"బాగుండా" అన్నాడు దేవదానం.

అప్పుడే ఒక పిల్ల చేతిలో కాగితాలతో వచ్చింది. పేరు హిమజ, పరీక్ష పెట్టింది ఆమే. నంద్యాలలోనే చదువుకుని ఈ పనిలో చేరి ఏడాది అయింది. కాగితాలు తెరిచి చూపించింది. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. ప్రతి ప్రశ్న కింద ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు. తిండి ఎట్లుంది, నిద్ర ఎట్లుంది, మనసు ఎట్లుంది, తోటివాళ్లతో ఎట్లుంది. అన్నిట్లోనూ నవ్వు మొహం చుట్టూ సున్న చుట్టి ఉంది.

"ఆయనే చెప్పినాడు అవ్వా. ఎట్లుంది అంటే ప్రతిదానికీ బాగుండా అన్నాడు. నేను కల్పించి రాయలేదు."

"ఆ రెండు మార్కులు యాడ పోయినాయి?"

హిమజ ఒక గడి మీద వేలు పెట్టింది. అది ఖాళీగా ఉంది. "ఇక్కడ నీకు ఎవరంటే ఇష్టం అని అడిగినాను. రాయి అన్నాడు. దానికి మార్కులు ఎట్ల వేయాలో తెలీక వదిలేసినాను."

ఎస్తేరు ఆ ఖాళీ గడిని వేలితో తడిమింది. యాభై గడుల్లో తన కొడుకు ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే.

"పాపా, వాన్ని ఇంగొక మాట అడుగు. మీయమ్మ చచ్చిపోయింది, ఎట్లుండావ్ అని అడుగు."

"అయ్యో, అవేం మాటలవ్వా! నేను అడగను."

"నువ్వు అడగకుంటే నేనడుగుతా." ఎస్తేరు కొడుకు ముందర మోకాళ్ల మీద కూర్చుంది. "నాయనా. మీయమ్మ చచ్చిపాయ. మన్నులో పెట్టొచ్చినారు. ఎట్లుండావ్?"

"బాగుండా" అన్నాడు దేవదానం. అరచెయ్యి సగం చాపి, ఏమనుకున్నాడో, మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. హిమజ పోయి దాన్ని ఆపేసి వచ్చింది.

"ఆ మాట వాంది గాదు పాపా" అంది ఎస్తేరు. "నాది. నేనే వాని నోట్లో పెట్టినా. ఊరోళ్ల నోరు మూయాలని నా బిడ్డ నోటికి తాళమేసినా."

మేనేజరు ఒప్పుకోలేదు. "తొంభై ఎనిమిది వచ్చినోన్ని బాగలేడంటావేందమ్మా? రేపు ఇంకెవరన్నా వచ్చి ఆ మంచం అడుగుతారు" అన్నాడు. అనిత తల్లి చెయ్యి నొక్కి, "ఊరుకోమ్మా, ఉండనీ. నువ్వు పోయినంక నేనేం చేసేది?" అని చెవిలో ఏడ్చింది. చివరికి హిమజ మధ్యలో పడింది. పదిహేను రోజులు సెలవు మీద ఇంటికి పంపండి సార్, మంచం అలాగే ఉంచండి, పరీక్ష నేను మళ్లీ పెడతాను అంది. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు కొంత భయం తక్కువ.

ఆ పదిహేను రోజుల్లో రెండో ఆదివారం హిమజ బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చింది. "డాక్టరుకు అన్నం ఉడికినట్ల అని చెప్పినానంటివే, అట్లంటే నాకు రాదవ్వా. ఉడికినట్ల ఎట్ల తెలుస్తాదో చెప్పు" అంది. ఎస్తేరుకు ఆ పిల్ల నచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె తనకు తెలిసినదాన్ని మాటల్లో పెట్టడానికి కూర్చుంది. సులభం కాలేదు.

"చెప్పులు. బాగుంటే గడప కాడ విడుస్తాడు. కాళ్లకుండాయంటే వాని మనసు ఆడ లేదు, పోదామని చూస్తాండాడని. తిండి జాస్తి తిన్నాడా తక్కువ తిన్నాడా అని చూడగాకు. జొన్న రొట్టె పెట్టు. బాగుంటే చుట్టూ అంచు తుంచి తిని, నడిమిది కడాకు తినేకి పెట్టుకుంటాడు. బాగలేకుంటే పెట్టింది పెట్టినట్ల మింగుతాడు, చూసేటోళ్లకు బాగా తింటాండాడనే ఉంటాది. ఇంగ రాగం..."

"రాగం ఎట్లుంటాది?"

"అది చెప్తే రాదు. రా."

షెడ్డు వెనక ఇద్దరూ రాళ్ల మీద కూర్చున్నారు. ఆదివారం అయినా అర్జెంటు పని ఉండి ముందర గ్రైండర్లు మోగుతున్నాయి. దేవదానం అరచేతిలో పట్టేంత నంది చెవి మడతలో సానరాయి ముక్క తిప్పుతున్నాడు, భుజాలు చెవుల దాకా ఎత్తుకుని. రెండున్నరకు కరెంటు పోయింది. ముందర ఎవరో బూతు తిట్టారు. వాడి భుజాలు దిగాయి. చెప్పులు విడిచాడు. నంది మీద చెంప ఆనించాడు. ముక్కులో మొదటి చరణం సన్నగా మొదలైంది.

హిమజ పెన్ను తీసింది. తర్వాత పాత పరీక్ష కాగితం వెనక్కి తిప్పి మూడు గీతలు గీసి, చెప్పులు, రొట్టె, రాగం అని రాసింది. కింద ఇంకో గీత గీసి రాయి అని రాసింది. "వారానికి ఒక రాయి బస్సులో పంపిస్తావా అన్నా?" అని ఆదినారాయణను అడిగింది. "వారానికి రెండు పంపుతా. వాడు రుద్దినట్ల ఇంగెవరు రుద్దుతారు నాకు?" అన్నాడాయన.

అంతటితో ఎస్తేరు ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. ఈ పిల్లకు రేపు పెళ్లవుతుంది, ఇంకో ఊరికి పోతుంది. ఆ కాగితం ఏ బీరువాలోనో పడుతుంది. వాడి నోటితో వాడే చెప్పుకోవాలి. తాను వేసిన తాళం తానే తీసిపోవాలి. మిగిలింది వారం రోజులు.

కొంగులో మళ్లీ బొరుగుల ఉండలు మూటగట్టుకుంది. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుంది. బాగలేదు అనే మాట నేర్పాలంటే వాడికి బాగలేకుండా ఉండాలి కదా. అందుకని ముందు ఆదినారాయణను అడిగింది, వాడి పక్కన ఒక్క నిమిషం గ్రైండరు వెయ్యమని. "నీకేమన్నా మతి పోయిందా అక్కా? నా చేతుల్తో నేనెయ్యను" అన్నాడాయన. ఎస్తేరు ఇంటికొచ్చి తలుపు వేసుకుని, స్టీలు పళ్లెం, గరిటె తీసుకుంది. వాడి చెవి దగ్గర ఠంగున కొట్టింది.

వాడు చెవులు మూసుకుని వంగిపోయాడు.

"బాగలేదు అను నాయనా. బాగలేదు."

"బాగుండా."

మళ్లీ కొట్టింది. వాడు ఊగడం మొదలుపెట్టాడు. "బాగుండా, బాగుండా, బాగుండా." ఇంకా ఏం చెప్తే ఈ మోత ఆగుతుందో వాడికి తెలియదు. ఇన్నేళ్లూ ఏ బాధనైనా దాటించిన మాట అదొక్కటే.

వెంకటలక్ష్మమ్మ తలుపు బాదింది. "ఏమ్మే, చచ్చేముందర బిడ్డను సంపుతావా ఏంది?"

"నీ పని నువ్వు చూసుకో. ముప్పై ఏండ్ల కింద నువ్వు నీ పని చూసుకొనింటే నాకీ ఖర్మ లేకపోవు!"

ఆరు రోజులు కొట్టింది. రోజుకు మూడుసార్లు, అంతకంటే ఆమె చెయ్యి లేవలేదు. ప్రతిసారీ ఆ తర్వాత వాడికి దూరంగా, వాకిట్లో కూర్చుని ఏడ్చేది. వాడు పళ్లెం కనబడితే చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. సొంత ఇంట్లో, తల్లి ముందర, చెప్పులు వేసుకుని కూర్చున్నాడు.

ఏడో రోజు పళ్లెం ఎత్తబోయింది. కడుపులో నొప్పి కత్తి దింపినట్టు వచ్చింది. పళ్లెం జారి నేల మీద గింగిరాలు తిరిగింది. ఎస్తేరు పొట్ట పట్టుకుని ముందుకు ఒరిగిపోయింది. పళ్లెం తిరిగి తిరిగి ఆగింది.

"బాగలేదు" అన్నాడు దేవదానం.

ఎస్తేరు తలెత్తింది. వాడు చెవులు మూసుకోలేదు. ఆమె చెయ్యి వైపు, కడుపు మీద బిగుసుకున్న ఆ చెయ్యి వైపు చూస్తున్నాడు. తన గురించి అన్నాడో, తల్లి గురించి అన్నాడో అడిగితే చెప్పగలవాడు కాదు. ఎస్తేరు నేల మీద నుంచే పాకి, కొంగు ముడి విప్పి, వాడు చాపిన అరచేతిలో ఉండ పెట్టింది. వాడు తిన్నాడు. ఆమె పళ్లేన్ని మంచం కిందికి తోసేసింది. మళ్లీ బయటికి తీయలేదు.

దేవదానం ఆశ్రమానికి తిరిగి వెళ్లాడు. రెండో పరీక్షలో హిమజ కాగితం వెనకవైపు వాడింది. ముందు మార్కులు సగానికి పడిపోయాయి, మేనేజరు మొహం కూడా పడిపోయింది. తర్వాత వెనక వరండాలో, టీవీకి దూరంగా వాడికి ఒక చోటు దొరికింది. వారం వారం బస్సులో రాళ్లు వచ్చాయి. ఒక్కో వారం చెప్పులు విడిచేవాడు, ఒక్కో వారం విడిచేవాడు కాదు. ఆరు వారాలకు ఒకసారి రాగం వినబడిందని హిమజ ఫోను చేసింది. "ఎంతసేపు?" అని అడిగింది ఎస్తేరు. "రెండు నిమిషాలుంటాది అవ్వా." "చాల్లే పాపా. నాకు కూడా అంతకంటే జాస్తి యాడ దొరికింది?" అంది. వాడు బాగలేదన్న మాట మళ్లీ అన్నాడా అని ప్రతి ఫోనులోనూ అడిగేది. అనలేదు అవ్వా అని హిమజ చెప్పేది. ఎవరడిగినా బాగుండా అనే అంటున్నాడు.

నవంబరులో ఎస్తేరు పోయింది.

హిమజ దేవదానాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. సమాధుల దొడ్డిలో పాస్టరు గారు ప్రార్థన ముగించారు. పెట్టె దించారు. అందరూ చెప్పులు ఒక పక్కన విడిచి, వరుసగా వచ్చి తలా ఒక గుప్పెడు మన్ను వేస్తున్నారు. అనిత గుంత పక్కన కూలబడి ఏడుస్తోంది. దేవదానం కొంచెం ఎడంగా నిలబడ్డాడు. వెంకటలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ వాడి దగ్గరికి పోయింది. ఎంతైనా ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు.

"ఎట్లుండావ్ నాయనా?"

"బాగలేదు" అన్నాడు దేవదానం. ఎటో చూస్తూ, బస్సు కండక్టరు ఊరి పేరు అరిచినట్టే.

మన్ను వేస్తున్నవాళ్లు ఆగి చూశారు. "అయ్యో, అట్లనగూడదప్పా" అంది వెంకటలక్ష్మమ్మ. "దేవుడుండాడు. చెల్లెలుంది. బాగుంటావులే."

వాడు అరచెయ్యి చాపాడు.

మన్ను అడుగుతున్నాడనుకుంది ఆవిడ. వంగి గుప్పెడు మన్ను తీసి వాడి చేతిలో పోసింది. వాడు దాన్ని చూశాడు. వేళ్లు విప్పి కిందికి జార్చేశాడు. చెయ్యి ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుని మళ్లీ చాపాడు.

అనిత తలెత్తలేదు, ఎందుకు చాపాడో అక్కడ మిగిలినవాళ్లలో తెలిసినది ఎస్తేరు నోట ఉండల సంగతి విన్న హిమజ ఒక్కదానికే. సంచిలో వెతికింది. కాగితాలున్నాయి, పెన్నులున్నాయి, వాటర్ బాటిలు ఉంది. ఏమీ తోచక తన చెయ్యి వాడి చేతిలో పెట్టబోయింది. వాడు పక్కకు జరిగాడు. జరిగి, చెయ్యి అలాగే చాపి, ఆ గుంత వైపు తిరిగి నిలబడ్డాడు.

జనమంతా వెళ్లిపోయేదాకా అలాగే ఉన్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి.